పక్క కొట్టు రేటు

పేజీలో రాసి నాలుగు నెలలు దాటింది. కోడలు కాన్పు కోసం నేనూ మా ఆవిడా నవంబర్లో అమెరికా వెళ్లాం. జనవరి ఆఖర్లో వియ్యపురాలు వచ్చి మమ్మల్ని విడిపించింది. పైరు మా తమ్ముడు చూశాడు. వచ్చేసరికి రెండో కోత నడుస్తోంది. ఇక రాయడానికి తీరికెక్కడిది?

ఈసారి రాసేది బేస్‌బాల్ గురించి. నవ్వకండి. తిరిగి తిరిగి మన కాయ దగ్గరికే వస్తుంది.

మా అబ్బాయి ఉండేది న్యూజెర్సీలో. డిసెంబర్లో బయట మంచు, లోపల మేం. మనవణ్ణి ఎత్తుకుని కిటికీలోంచి చూడ్డం తప్ప పనేమీ లేదు. సాయంత్రం అబ్బాయి ఆఫీసు పని ముగించుకుని టీవీ పెట్టేవాడు. ఏ ఛానల్ పెట్టినా ఒకటే ముఖం, ఒకటే పేరు, జువాన్ సోటో. ఆట చూపించరు. నలుగురు కోట్లేసుకుని కూచుని ఈ కుర్రాడు ఎక్కడికి పోతాడు, ఎంతకు పోతాడు అని వాదించుకుంటున్నారు. పది రోజులు చూసి ఉండబట్టలేక అడిగా, "ఏరా, వీడేమన్నా ఎన్నికల్లో నిలబడ్డాడా?" అని.

అప్పుడు చెప్పాడు. బేస్‌బాల్ మన క్రికెట్‌కి దూరపు చుట్టం. వసంతంలో మొదలై అక్టోబర్ చివర్లో అయిపోతుంది. చలికాలం ఆట ఉండదు, బేరం ఉంటుంది. మనకు కోత అయ్యాక యార్డు మొదలైనట్టు. ఒప్పందం కాలం అయిపోయిన ఆటగాణ్ణి ఫ్రీ ఏజెంట్ అంటారు. అంటే వాడు ఎవరికీ కట్టుబడి లేడు, ఏ జట్టుకైనా పోవచ్చు.

"మన ఐపీఎల్ వేలంలాగా?" అన్నా. 2024 నవంబర్లోనే రిషభ్ పంత్ 27 కోట్లకు పోయాడు కదా, అది గుర్తొచ్చి.

"కాదు నాన్నా. ఐపీఎల్లో ఆటగాడు మన టిక్కీ లాంటోడు. బల్ల మీద పెడతారు, ఎవడు ఎక్కువ పాడితే వాడి వెంట పోవాల్సిందే. ఇక్కడ టిక్కీయే లేచి కొట్టు కొట్టుకూ తిరిగి, నువ్వెంతిస్తావ్, పక్కాయన ఇంతిస్తానన్నాడు అని అడుగుద్ది."

ఆ మాట నాకు బాగా నచ్చింది. నాకు ఇంకా అర్థం కావాలని తన సంగతే చెప్పాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం మారేటప్పుడు ఒక కంపెనీ ఆఫర్ లెటర్ పట్టుకుని రెండో కంపెనీకి వెళ్లి పెంచుకున్నాడు. ఆ రెండోది చూపించి ఉన్న కంపెనీని అడిగాడు. అప్పట్లో మా ఆవిడ "అది మోసం కాదా నాయనా" అని అడిగింది కూడా. మన పిల్లలు సాఫ్ట్‌వేర్లో చేసే పనే ఇది. కాకపోతే అక్కడ లెక్క లక్షల్లో, ఇక్కడ కోట్ల డాలర్లలో.

సోటో కథ వినండి. డొమినికన్ రిపబ్లిక్ అని చిన్న దేశం, అక్కడి పిల్లాడు. వాషింగ్టన్ నేషనల్స్ జట్టు పదహారేళ్లకే తీసుకుంది. పంతొమ్మిదేళ్లకు పెద్ద లీగులో ఆడాడు, 2019లో ఆ జట్టుతో కప్పు గెలిచాడు. 2022లో నేషనల్స్ వాళ్లు 15 ఏళ్లకు 44 కోట్ల డాలర్లు ఇస్తాం, ఉండిపో అన్నారు. వద్దన్నాడు! ఇరవై మూడేళ్ల పిల్లాడు 44 కోట్ల డాలర్లు వద్దన్నాడు. దాంతో వాళ్లు అతన్ని శాన్ డియెగోకి మార్చేశారు. అక్కణ్ణించి న్యూయార్క్ యాంకీస్‌కి వచ్చాడు. 2024లో 41 హోమ్ రన్లు కొట్టి జట్టుని ఫైనల్ దాకా తీసుకుపోయాడు. ఫైనల్లో ఓడారు. మా అబ్బాయి యాంకీస్ వీరాభిమాని, ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు.

ఆ చలికాలం సోటో చేతులు విదిలించుకుని బజార్లోకి వచ్చాడు. యాంకీస్, మెట్స్, బోస్టన్, టొరంటో, లాస్ ఏంజెలిస్... జట్ల పెద్దలే లేచి అతని దగ్గరికి పోయి మాట్లాడారు. ఇందులో మెట్స్ కూడా న్యూయార్క్ జట్టే. ఒకే ఊళ్లో రెండు కొట్లు. ఒకటి పాత పేరున్న కొట్టు, రెండోది డబ్బున్న కొట్టు. డిసెంబర్ 8 ఆదివారం రాత్రి వార్త వచ్చింది. మెట్స్ 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లకు పాడుకుంది. మన డబ్బుల్లో దాదాపు 6,500 కోట్లు. యాంకీస్ ఎక్కడ ఆగిందో తెలుసా? 16 ఏళ్లకు 76 కోట్ల దగ్గర. అంటే చివరి తేడా అరకోటి డాలర్లు, ఒక ఏడాది.

మా అబ్బాయి సోఫాలో అలాగే కూలబడ్డాడు. నేను మాత్రం ఆ 76 గురించే ఆలోచిస్తున్నా. యాంకీస్ వాళ్లకు మొదటే 76 ఇచ్చే ఉద్దేశం ఉందంటారా? పక్కన మెట్స్ లేకపోతే ఎక్కడ ఆగేవాళ్లో. మెట్స్ కూడా యాంకీస్ వెంట పడకపోతే 76.5 దాకా ఎందుకు పోతుంది? 44 దగ్గర వద్దన్నవాడు రెండేళ్లు ఆగి 76కి పోవడంలో వాడి బ్యాటుకున్న బలం సగమైతే, ఎదురుబొదురు కొట్లకున్న పంతం సగం.

ఇంకో చిన్న ముచ్చట. ఇంట్లోవాళ్లు కూచుని ఆట చూడ్డానికి స్టేడియంలో ఒక ప్రత్యేక గది అడిగాడంట. మెట్స్ ఊరికే ఇస్తామన్నారు, యాంకీస్ మాత్రం మా దగ్గర ఎంత పెద్ద ఆటగాడైనా గదికి డబ్బు కట్టుకోవాల్సిందే అన్నారని పేపర్లు రాశాయి. 76 కోట్లు ఇచ్చేవాళ్లు గది దగ్గర పట్టుబట్టారు! మన దగ్గర రేటు ఒప్పుకున్నాక గోతాం డబ్బుల దగ్గర గొడవ పడ్డట్టుంది కదా.

అప్పట్నుంచీ నాకు ఇదే పిచ్చి పట్టుకుంది. రాత్రి మనవడు నిద్రపోయాక అబ్బాయిని కూచోబెట్టి పాత బేరాలన్నీ చెప్పించుకున్నా.

యాంకీస్‌లోనే ఆరన్ జడ్జ్ అని ఆరడుగుల ఏడంగుళాల మనిషి. 2022 సీజన్ ముందు అతనికి 7 ఏళ్లకు 21.35 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. ఇంత ఇస్తామన్నాం, కాదన్నాడు అని జట్టు జనరల్ మేనేజరే బయటికి చెప్పేశాడు. అలా చెప్తే ఆటగాడికి ఎట్టా ఉంటుంది? అతను నోరెత్తకుండా ఆ ఏడాది 62 హోమ్ రన్లు కొట్టాడు, వాళ్ల అమెరికన్ లీగులో అది రికార్డు. తర్వాత సొంత రాష్ట్రం కాలిఫోర్నియా వెళ్లి శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ వాళ్లతో కూచున్నాడు. చిన్నప్పుడు ఆయన అభిమానించిన జట్టది. జనం నిజంగానే వెళ్లిపోతాడనుకున్నారు. ఒక పేరున్న విలేకరి ఆత్రంలో, జడ్జ్ జెయింట్స్‌కి వెళ్తున్నట్టుంది అని ట్విట్టర్లో పెట్టేశాడు. అందులో మనిషి పేరు కూడా తప్పు కొట్టాడు. ఆరన్ బదులు ఆర్సన్ అని పడింది, ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం ఇళ్లకు నిప్పు పెట్టడం! కాసేపటికే తప్పయిందని వెనక్కి తీసుకున్నాడు. మర్నాడు జడ్జ్ యాంకీస్‌తోనే 9 ఏళ్లకు 36 కోట్లకు ఒప్పుకున్నాడు. జెయింట్స్ చెప్పింది కూడా అంతేనని పేపర్ల లెక్క. ఉన్న ఇంట్లోనే ఉన్నాడు, రేటు మాత్రం పక్క ఊరిది తెచ్చుకున్నాడు.

జపాన్ ఆటగాడు ఒతానీది ఇంకా తమాషా. 2023 డిసెంబర్లో అతను టొరంటో జట్టుకి పోతున్నాడని పుకారు లేచింది. కాలిఫోర్నియా నుంచి టొరంటోకి ఒక చిన్న విమానం బయల్దేరితే, అందులో ఒతానీ ఉన్నాడని దేశం దేశమంతా ఫోన్లలో ఆ విమానాన్నే చూస్తూ కూచుంది. దిగాక చూస్తే ఎవరో కెనడా వ్యాపారి తన పిల్లలతో దిగాడు. మర్నాడు ఒతానీ లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కి 10 ఏళ్లకు 70 కోట్లకు సంతకం పెట్టాడు. పుకారు ఎవరు పుట్టించారో తెలీదు గానీ, యార్డులో కూడా ఇట్టాంటి విమానాలు ఎగురుతుంటాయి. బంగ్లాదేశ్ ఆర్డర్ వచ్చిందంటారు, చైనా వాళ్లు దిగారంటారు. మనం ఆకాశం వంక చూస్తూ టిక్కీల మీద కూచుంటాం.

ఈ బేరాలు ఆడేది ఆటగాడు కాదు, ఏజెంటు. అందరికంటే పెద్ద ఏజెంటు స్కాట్ బోరాస్. సోటో బేరం ఆయనదే. ఆయన ఎవరనుకున్నారు? కాలిఫోర్నియాలో పాడి రైతు కొడుకు. గేదెలు కావులే, ఆవులు. కుర్రతనంలో చిన్న లీగుల్లో ఆడి, మోకాళ్లు పోయాక లా చదివి ఇందులోకి దిగాడు. 2000 చలికాలంలో అలెక్స్ రోడ్రిగెజ్‌ని టెక్సస్ రేంజర్స్‌కి 25.2 కోట్లకు అమ్మింది ఆయనే. అప్పటిదాకా ఏ ఆటలోనైనా ఉన్న పెద్ద ఒప్పందానికి అది సరిగ్గా రెట్టింపు. రెండో పాట దానికి చాలా కింద ఉందని, టెక్సస్ తన మీద తనే పాట పెంచుకుందని తర్వాత పేపర్లు ఎగతాళి చేశాయి. పక్క కొట్టోడు ఎంతన్నాడో ఈయనకు తెలుసు, టెక్సస్ వాళ్లకు తెలీదు. అదే కిటుకు.

ఏజెంటుకు వచ్చేది ఆటగాడి రేటులో నూటికి ఇంత అని. రేటు పెరిగితే ఆయనదీ పెరుగుద్ది. ఆ మాట వినగానే నేనడిగా, "మరి ఏజెంటు ఆటగాడికి అప్పు ఇస్తాడా?" అని. అబ్బాయికి నా ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. మీకు అర్థమై ఉంటుంది.

నాకు బాగా తగులుకున్న కథకి ఇప్పుడొస్తా. ఇదంతా ఎప్పుడూ ఇట్టా లేదు. 1975 దాకా అక్కడ ఆటగాడికి పక్క జట్టుతో మాట్లాడే హక్కే లేదు. ఒప్పందంలో రిజర్వ్ క్లాజ్ అని ఒక ముక్క ఉండేది. ఏడాది అయిపోయినా ఆటగాడు ఆ జట్టు సొత్తే. వాళ్లు ఇంకో ఊరికి అమ్మితే పోవాలి, లేకపోతే ఆట మానుకుని ఇంట్లో కూచోవాలి. జీతం ఎంతో యజమాని చెప్తాడు. పక్క కొట్టు అన్న మాటే లేదు. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాణ్ణి సెయింట్ లూయిస్ జట్టు ఫిలడెల్ఫియాకి మార్చేస్తే, నేను పోను, నేనేం అమ్మకపు సరుకునా అని కోర్టుకెక్కాడు. సుప్రీంకోర్టు దాకా పోయి 1972లో ఓడిపోయాడు. అప్పటికే అతని ఆట అయిపోయింది.

ఆ తర్వాతి మనిషి జిమ్ హంటర్. క్యాట్‌ఫిష్ హంటర్ అంటారు. క్యాట్‌ఫిష్ అంటే మన వాలుగ జాతి చేప. ఆ పేరు పుట్టుకతో వచ్చింది కాదు, జట్టు యజమాని జనాన్ని ఆకర్షించడానికి తగిలించింది. హంటర్ నార్త్ కరోలినాలో హెర్ట్‌ఫర్డ్ అనే పల్లెటూరివాడు. తండ్రి కౌలు రైతు. వేరుశనగ, మొక్కజొన్న, సోయా పండే నేల. కుర్రాడు బంతి వేయడంలో మొనగాడు. తర్వాత ఓక్లాండ్‌కి మారిన కాన్సాస్ సిటీ జట్టు కొనుక్కుంది. యజమాని పేరు చార్లీ ఫిన్లీ.

హంటర్ కూడా మనలాంటోడే, నాలుగు డబ్బులు రాగానే భూమి కొనాలనుకున్నాడు. సొంత ఊళ్లో పొలం కొనడానికి ఫిన్లీయే లక్షన్నర డాలర్లు అప్పిచ్చాడు. కొన్నాళ్లకు డబ్బు వెనక్కి కట్టమని పట్టుకున్నాడు. అది కూడా సరిగ్గా హంటర్ బంతి వేసే రోజుల్లోనే ఫోన్ చేసి అడిగేవాడంట, తర్వాత హంటరే చెప్పుకున్నాడు. చివరికి కొన్న పొలంలో చాలా భాగం అమ్మేసి అప్పు తీర్చాడు.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తా.

2021లో నల్ల తామర పురుగు పడి మన మిరప ఏమైందో ఈ పేజీలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పూత పూతే రాలిపోయింది. రెండెకరాల సొంతం, రెండెకరాల కౌలు, మొత్తం పోయింది. కౌలు పొలానికి బ్యాంకు అప్పివ్వలేదు. మరుసటి ఏడు పెట్టుబడికి మా కమీషన్ కొట్టు ఆయన మూడు లక్షలు ఇచ్చాడు. వడ్డీ నూటికి రెండు రూపాయలు, సరుకు మాత్రం ఆయన కొట్టుకే రావాలి. కాగితం మీద రాయలేదు. రాయక్కర్లేదు కదా. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆ రోజు ఆయన ఇవ్వకపోతే నారు కూడా పోసేవాణ్ణి కాదు. ఆ మాట చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు.

2023లో రేటు ఇరవై వేలు దాటిందని మీకు గుర్తుంది. ఆ ఏడు నా తేజ మంచి రంగొచ్చింది. శాంపుల్ చూసిన పక్క కొట్టు గుమస్తా మా కొట్టు రేటు కంటే క్వింటాకి 800 ఎక్కువ చెప్పాడు. నేను ఉషారుగా మా కొట్టుకి వెళ్లి, "పక్కన ఎనిమిది వందలు ఎక్కువంటున్నారు, మీరేమంటారు?" అన్నా. ఆయనేమీ కోప్పడలేదు. టీ తెప్పించాడు. "తీసుకెళ్లు బాబాయ్. నా మూడు లక్షలూ వడ్డీతో ఇక్కడ పెట్టి, కాయ ఎక్కడికైనా తీసుకెళ్లు" అన్నాడు, నవ్వుతూనే. టీ తాగి, ఆయన చెప్పిన రేటుకే కాటా వేయించి వచ్చా. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి. ఇదే మొదటిసారి చెప్పడం.

నా చేతిలో పక్క కొట్టు రేటు ఉంది. నిజమైన రేటే, నేను కల్పించింది కాదు. కానీ దాన్ని పట్టుకుని ఏం చేయను? నేను అక్కడికి పోలేనని ఆయనకు తెలుసు. పోలేనివాడు రేటు చూపిస్తే అది సినిమా టికెట్ చూపించినట్టే.

మళ్లీ హంటర్ దగ్గరికి. 1974లో అతని జీతం లక్ష డాలర్లు. అందులో సగం తన పేరు మీద ఇన్సూరెన్స్ కంపెనీకి కట్టాలని ఒప్పందంలో రాయించుకున్నాడు. అట్లా కడితే తనకు పన్ను లాభం లేదని తెలిసి ఫిన్లీ కట్టలేదు. ఆ ఏడే హంటర్ 25 ఆటలు గెలిపించాడు, జట్టు వరసగా మూడోసారి కప్పు కొట్టింది. హంటర్ సంఘం ద్వారా మధ్యవర్తి దగ్గరికి వెళ్లాడు. మధ్యవర్తి పీటర్ సైట్జ్ డిసెంబర్లో తీర్పు చెప్పాడు. యజమాని మాట తప్పాడు కాబట్టి ఒప్పందం చెల్లదు, ఈ మనిషి ఇక స్వేచ్ఛాజీవి.

అంతే! అప్పుడున్నవి 24 జట్లు. దాదాపు అన్నీ పరిగెత్తుకొచ్చాయి. ఎక్కడికి? హంటర్ ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న అహోస్కీ అనే చిన్న ఊళ్లో, ఒక ప్లీడరు ఆఫీసుకి. న్యూయార్క్ వాళ్లు, కాలిఫోర్నియా వాళ్లు, కోట్లు టైలు కట్టుకుని ఆ పల్లెటూరి ఆఫీసు గుమ్మంలో వంతు కోసం కూచున్నారంటే ఊహించుకోండి. పదిహేను రోజుల్లో లక్ష డాలర్ల మనిషి రేటు అయిదేళ్లకు 30 లక్షల డాలర్లు దాటింది. డిసెంబర్ 31న యాంకీస్‌కి సంతకం పెట్టాడు. అంతకంటే ఎక్కువ ఇస్తామన్న జట్లు ఉన్నా యాంకీస్‌కే పోయాడు. కుర్రతనంలో తనని గుర్తించి పాత జట్టుకి తీసుకెళ్లిన మనిషి అప్పటికి యాంకీస్‌లో ఉన్నాడు, ఆయన మీద నమ్మకం. ఇది నాకు నచ్చింది. పక్క రేటు తెలిసినంత మాత్రాన చివరి రూపాయి దాకా పోవాలని లేదు.

ఏడాది తిరక్కుండా అదే సైట్జ్ ఇంకో ఇద్దరు ఆటగాళ్ల కేసులో రిజర్వ్ క్లాజ్‌నే కొట్టేశాడు. యజమానులు ఆయన్ని వెంటనే ఉద్యోగం నుంచి పీకేశారు, కానీ తలుపు తెరుచుకుంది. ఈరోజు సోటో 76 కోట్లకు వెనక ఆ అహోస్కీ ఆఫీసుంది. హంటర్ 1979లో ఆట ముగించి హెర్ట్‌ఫర్డ్ వెళ్లి మళ్లీ వ్యవసాయం చేశాడు. నరాల జబ్బు వచ్చి 1999లో పోయాడు, 53 ఏళ్లకే.

తలుపు తెరుచుకుందని అంతా బాగుందనుకోకండి. 1985 నుంచి మూడు చలికాలాలు యజమానులందరూ లోపల్లోపల కూడబలుక్కున్నారు. ఒకరి ఆటగాణ్ణి ఇంకొకరు అడగొద్దని. బయటికి ఇరవైకి పైగా కొట్లు కనిపిస్తాయి, లోపల అందరూ ఒకటే. రింగు అంటాం కదా మనం. ఆండ్రీ డాసన్ అని గొప్ప ఆటగాడు, మోకాళ్ల నొప్పుల వల్ల షికాగోలో గడ్డి మైదానం మీద ఆడాలనుకున్నాడు. ఎవరూ రేటు చెప్పరు. చివరికి 1987లో ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి షికాగో కబ్స్ చేతికిచ్చాడు, అంకె మీరే వేసుకోండి అని. అయిదు లక్షల డాలర్లు వేశారు, పాత జీతంలో సగం కూడా కాదు. ఆ ఏడు 49 హోమ్ రన్లు కొట్టి లీగులోనే మేటి ఆటగాడయ్యాడు! తర్వాత మధ్యవర్తులు రింగు నిజమేనని తేల్చారు. 1990లో యజమానులు ఆటగాళ్లకు 28 కోట్ల డాలర్లు పరిహారం కట్టడానికి ఒప్పుకున్నారు. ఖాళీ కాగితం సంగతి అబ్బాయి చెప్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి, "మీ నాన్న రోజూ పెట్టొచ్చే సంతకమే అది" అంది.

కార్లోస్ కొరియాది కూడా మీకు చెప్పాలి. 2022 చలికాలంలో జెయింట్స్ 35 కోట్లకు పాడారు. వైద్య పరీక్షలో కాలి పాత దెబ్బ చూసి ఆగిపోయారు. అదే రాత్రి మెట్స్ 31.5 కోట్లకు ఒప్పుకున్నారు. వాళ్లూ కాలు చూసి వెనకాడారు. చివరికి పాత జట్టు మిన్నెసోటా ట్విన్స్ దగ్గరే 20 కోట్లకు కుదిరింది. కాటా దగ్గర టిక్కీ కోసి, తేమ ఉంది, తాలు ఉంది అని రేటు కోయడం మన దగ్గరే అనుకున్నా ఇన్నాళ్లూ.

సరే, జనవరి చివర్లో వచ్చా. కొట్టు అప్పులో ఇంకా లక్షా ఎనభై వేలు ఉంది. అబ్బాయి పంపిస్తానన్నాడు. వద్దన్నా. వాడికి ఇంటి లోను, కొత్తగా పిల్లాడు. మా ఆవిడ మర్నాడు పొద్దున్నే నాలుగు గాజులు, గొలుసు మూట కట్టి బల్ల మీద పెట్టింది. "ఆ చేప పేరాయన పొలం అమ్మి తీర్చాడుగా, మనం అమ్మక్కర్లేదు, కుదువ పెడదాం" అంది. బ్యాంకులో ఏడాదికి పడే వడ్డీ కొట్లో అయిదు నెలలకే పడుతుంది. ఈ లెక్క నాకు ముందే తెలీదా అంటే తెలుసు. బంగారం ముట్టుకోవడానికి మనసొప్పలేదు.

అప్పు కట్టేసిన రోజు కొట్టు ఆయన మళ్లీ టీ తెప్పించాడు. "ఏంటి బాబాయ్, అబ్బాయి పంపాడా?" అన్నాడు. ఔననీ కాదనీ చెప్పలేదు.

రేటు సంగతి మీకు తెలిసిందే. 2025లో నేల మీద పడింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం 11,781 అని ప్రకటించాల్సి వచ్చిందంటే ఎక్కడ ఉందో చూడండి. నాకు అయింది 92 టిక్కీలు. జీవితంలో మొదటిసారి శాంపుల్ పట్టుకుని మూడు కొట్లు తిరిగా. ఒకాయన 10,800 అన్నాడు, ఒకాయన 11,000, ఒకాయన 11,200. చివరిది పట్టుకుని మా పాత కొట్టుకి వెళ్లా. గుండె దడదడలాడింది, నిజం చెప్తున్నా. "పక్కన 11,200 అంటున్నారు. కాయ బండిలోనే ఉంది, అటే తోలమంటారా?" అన్నా.

ఆయన నా వంక కాసేపు చూశాడు. "11,300 రాయిస్తా, దించు బాబాయ్" అన్నాడు.

నూరు రూపాయలు! కోత కూలీల డబ్బు కోసం 30 టిక్కీలు అక్కడే అమ్మా, పన్నెండు క్వింటాళ్ల పైచిలుకు. అంటే పన్నెండు వందల చిల్లర లాభం. న్యూజెర్సీకి ఫోన్ చేసి చెప్తే అబ్బాయి పడీపడీ నవ్వాడు. "సోటో తర్వాత నువ్వే నాన్నా" అన్నాడు. పోయిన రెండేళ్ల కింద 800 రావాల్సింది, ఇప్పుడు 100 వచ్చింది. రేటు అందరి దగ్గరా పడిపోయినప్పుడు పక్క కొట్టు మాత్రం ఏం చేస్తుంది? మూడు కొట్ల వెనకా కొనేవాళ్లు అదే కొద్దిమంది. నలుగురు పోటీ పడాలంటే నలుగురికీ సరుకు కావాలి. సోటో లాంటోడు ఒక్కడే ఉంటాడు, తేజ ఊరంతా ఉంది.

అయినా ఆ 11,300 అనే మాట ఆయన నోటితో వచ్చినప్పుడు నాకెలా ఉందో రాయడం నాకు చేతకాదు.

మిగతా 62 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టా. అద్దె పెరుగుతోంది, బ్యాంకులో గాజుల వడ్డీ పెరుగుతోంది. మా ఆవిడ రోజూ ఒకసారి, "ఏమంటున్నాడు మీ క్యాట్‌ఫిష్?" అని అడుగుతుంది.

మీ వైపు తేజ శాంపుల్‌కి ఏ కొట్టు ఎంత చెప్తోందో కింద రాయండి అన్నలూ. నిజం రేటే రాయండి, నా మీద ప్రేమతో పెంచి రాయొద్దు. దాన్ని పట్టుకుని సోమవారం నేను యార్డుకి పోవాలి.